అమ్మవారి పేరున ఒక దుకాణం

బర్మా దేశంలో మా చిమిండైంగ్ బజారు వెనక సందులో వానాకాలమంటే దుకాణం లోపల కూడా గొడుగు వేసుకుని కూర్చునే కాలం. నేను ఆ సందులోకి వచ్చేనాటికే పైన రేకులు తుప్పుపట్టి జల్లెడలా ఉండేవి. మురుగుకాలువ పొంగితే ఆ నీళ్ళు నా కుట్టుమిషను తొక్కుడు పలక దాకా వచ్చేవి. మిరపకాయలు, మసాలాలు అమ్మే మావ ఎండ కనబడ్డప్పుడల్లా దుకాణం మొత్తాన్ని రోడ్డు మీద పరిచి ఆరబెట్టుకునేవాడు. ఆ ఘాటుకి కొనడానికి వచ్చినవాళ్ళు తుమ్ముకుంటూ సందు మొదట్లోంచే వెనక్కి తిరిగేవాళ్ళు. బట్టలు కావాలంటే సంచౌంగ్ పోయేవాళ్ళు, టోకు సరుకు కావాలంటే లత పేటకి పోయేవాళ్ళు. మా సందు పేరు చెబితే "అదింకా ఉందా?" అని అడిగేవాళ్ళు. ఉంది మహాప్రభో, మేం అందులోనే బతుకుతున్నాం అని చెప్పుకోవాల్సి వచ్చేది.

సందుకి రెండు వరుసలు. ఒక వరుస మా తెలుగువాళ్ళది. తాతల కాలంలో ఓడరేవులో మూటలు మోయడానికి విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళ పిల్లల పిల్లలం మేం. గంజాం నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు మాతో తెలుగు మాట్లాడతారు, ఇంట్లో పోట్లాడుకోవడానికి మాత్రం ఒడియా వాడతారు. ఎదురు వరుస బర్మావాళ్ళది. నాకు సరిగ్గా ఎదురుగా లుంగీలు అమ్మే ఆవిడ కూర్చుంటుంది. బర్మాలో అక్కని పిలిచినట్టు నేనావిడని "అమా" అంటాను. ఆడవాళ్ళు కట్టే లుంగీకి నడుము దగ్గర నల్లగుడ్డ పట్టీ వేయించుకోవాలి. ఆవిడ లుంగీ అమ్ముతుంది, నేను పట్టీ కుడతాను. ఒకరింటికి ఒకరం వెళ్ళింది తక్కువే గాని, ఆవిడకి ఏ పూట తలనొప్పి వస్తుందో ముఖం చూస్తే నాకు తెలిసిపోతుంది.

సందు మొదట్లో ఇటుకలతో కట్టిన చిన్న గూడు ఉంది. అందులో మా అమ్మవారు. మా వరుసవాళ్ళు ఆవిడకి దణ్ణం పెట్టుకోనిదే దుకాణం తలుపు తీయరు. ఎదురు వరుసవాళ్ళు కూడా పోతూ పోతూ ఓ కొవ్వొత్తి వెలిగిస్తారు. ఆ గూడు పక్కన, ఫుట్‌పాత్ మీద, పూలమ్ముకునే పెద్దమ్మ కూర్చునేది. ఎవరికీ రక్తసంబంధం కాదు, అందరికీ పెద్దమ్మే. మాకు బంతి మాలలు, మల్లె మాలలు, బర్మావాళ్ళకి ఇంట్లో బుద్ధుడి ముందు పెట్టుకునే తబ్యే రెమ్మలు, అన్నీ ఆవిడ బుట్టలోనే. నా అన్నవాళ్ళు లేరు, దుకాణం లేదు, ఫలానా అని చెప్పుకోవడానికి ఒక గుర్తింపు కార్డు ముక్క కూడా లేదు.

ఆవిడ గురించి చెప్పకుండా నేను ముందుకి పోలేను. మా ఆయన మేస్త్రీ పనిలో పరంజా మీంచి పడి మంచం పట్టిన ఏడాది, నేను కుట్టుమిషన్ని సైకిలు రిక్షాలో వేసుకుని ఈ సందుకి వచ్చాను. ఎవరి ముందు నిలబడినా చోటు లేదన్నారు. తప్పు వాళ్ళది కాదు, నిజంగానే చోటు లేదు. రిక్షావాడు మిషను దింపమని విసుక్కుంటుంటే గూడు దగ్గర నిలబడి ఏడుస్తున్నాను. పెద్దమ్మ తన బుట్టని ఒళ్ళోకి లాక్కుంది.

"ఓలమ్మా, అలగ నిలబడిపోతావేటే? మిసను దింపు. నా బుట్టకి ఇంత సోటెందుకు?" అంది.

నిజానికి ఆ బుట్టకి ఆ చోటు కూడా చాలదు. నా మిషను వచ్చాక ఆవిడ కాళ్ళు ముడుచుకుని కూర్చునేది. తర్వాత వరుసలో నాకో దుకాణం దొరికింది, మా ఆయన లేచి తిరిగాడు, మా అమ్మాయి చదువుకుంది. ఇవాళ నేను తినే అన్నం ఆవిడ ముడుచుకున్న ఆ కాళ్ళ దగ్గర పుట్టిందే. ఈ మాట ఆవిడతో అంటే "పని సూసుకో" అని కసురుకునేది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇక అసలు సంగతి. ఈమధ్యనే, కిందటి వానాకాలంలో, మున్సిపాలిటీ నుంచి ఒక ఆఫీసరమ్మ మా సందుకి వచ్చింది. బర్మావాళ్ళు పంతులమ్మనీ, పెద్ద ఉద్యోగంలో ఉన్న ఆడమనిషినీ "సయామా" అంటారు. మేమూ అలాగే పిలిచాం. టీకొట్టు ముందు పొట్టి స్టూలు మీద కూర్చుని ఆవిడ మాట మొదలుపెట్టేలోపే రేకులోంచి ఓ నీటిచుక్క ఆవిడ టీలో పడింది. "సరే, ఇక నేను చూడాల్సింది ఏమీ లేదు" అంది. అప్పుడే నాకావిడ నచ్చింది.

సందు బాగుచేయడం కష్టం కాదట, ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలన్నదే ప్రశ్నట. దానికి మూడు దారులున్నాయని చెప్పింది. మొదటిది, మున్సిపాలిటీ అప్పు తెచ్చి కడుతుంది, అది తీరేదాకా మా అద్దెలు పెంచుతుంది. రెండోది, స్థలాన్ని ఒక కంపెనీకి ఇస్తారు, వాళ్ళు అంతస్తుల మేడ కట్టి అందులో మాకు దుకాణాలిస్తారు, రేటు మాత్రం వాళ్ళ ఇష్టం. మూడోది, ఖర్చులో సగం మేం ముందుగా కడితే మిగతా సగం మున్సిపాలిటీ వేస్తుంది. అద్దె పాతదే. దుకాణాలు, కప్పు, కాలువ, దీపాలు అన్నీ కొత్తవి.

మా అమ్మాయి ఫోన్ల దుకాణంలో లెక్కలు రాస్తుంది. దానికి తెలుగు అర్థమవుతుంది గాని నోట్లోంచి రావాలంటే మూడు భాషలు తోడు కావాలి. అది మా పెద్దలందరికీ వివరించి చెప్పింది: "లోన్ అయితే రెంట్ ఎప్పుడూ పైకే. కంపెనీ అయితే మనం అవుట్. హాఫ్-హాఫ్ కౌందే." బర్మాలో కౌందే అంటే బాగుంది అని. మావ ముక్కుపొడుం పీల్చి, "గుంట సెప్పింది నిజిమే. కంపినీ మేడలో మిరపకాయలెవులు ఆరబెట్టనిత్తారు?" అన్నాడు. అదీ మా పెద్దల ఆర్థిక చర్చ. అయినా తర్వాత చాలా రోజులు వాదించుకున్నాం. ఎదురు వరుసలో ఇద్దరు ముగ్గురికి మేడ మీద మోజు ఉండేది. మేడలో కరెంటు పోతే మెట్లెక్కి వచ్చేదెవరని అమా అడిగింది. ఇక ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు. రెండు వరుసలూ మూడో దారికే ఒప్పుకున్నాయి.

ఒప్పుకున్నాక సయామా ఇంకో మాట చెప్పింది. చెప్పేటప్పుడు మా వైపు చూడలేదు. కొత్త కప్పు వచ్చాక ఫుట్‌పాత్‌కి అడ్డంగా ఇనప కమ్మీలు వస్తాయి. డబ్బు కట్టే హక్కు దుకాణం ఉన్నవాళ్ళకే. ఫుట్‌పాత్ మీద కూర్చునేవాళ్ళు లెక్కలోకి రారు. అమ్మవారి గూడు కదలదు, దాని పక్కన మాత్రం ఎవరూ కూర్చోకూడదు.

ఆ సాయంత్రం నేను పెద్దమ్మకి ఈ సంగతి చెప్పడానికి వెళ్ళాను. ఆవిడకి అప్పటికే తెలుసు. మాల కడుతూ, "కప్పేసుకోండే, మీ బట్టలు తడవ్వు. నాను గుమ్మాలమ్మట తిరిగి అమ్ముకుంతాను" అంది. ఆ మోకాళ్ళతో గుమ్మాలమ్మట ఎలా తిరుగుతుందో నాకు తెలియదు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. ఇంటికి పోయి మా ఆయన మీద కోప్పడ్డాను. ఆయనకి కొత్తేం కాదు.

డబ్బు పోగు చెయ్యడానికి మా వాళ్ళకి ఒకటే పద్ధతి తెలుసు. అమ్మవారి పండగకి చేసేదే. ఇత్తడి బిందె మూతికి పసుపుగుడ్డ కట్టి, మధ్యలో చెయ్యి పట్టేంత చీలిక ఉంచి గూడు ముందు పెడతాం. పిడికిలి మూసి లోపల పెట్టాలి, లోపల తెరవాలి, మళ్ళీ మూసుకుని బయటికి తీయాలి. ఎవరెంత వేశారో ఎవరికీ తెలియకూడదు. వెయ్యలేనివాడు ఖాళీ పిడికిలి పెట్టి తీసుకోవచ్చు. దానివల్ల ఉన్నవాడికి గొప్ప లేదు, లేనివాడికి సిగ్గు లేదు. ఎదురు వరుసవాళ్ళు ఎవరికి వాళ్ళు మున్సిపాలిటీ కౌంటరులో కట్టి రసీదులు తెచ్చుకుంటుంటే, మేం బిందె పెట్టుకుని మా వరుస వంతు నిండేదాకా పిడికిళ్ళు దూర్చాం.

బిందె విప్పిన రోజు నోట్లు సర్దింది నేనూ మావా. కొన్ని నోట్లు తడిగా మెత్తబడి ఉన్నాయి. మల్లెపూల వాసన. ఒకదానికి రేక కూడా అంటుకుని ఉంది. నేను మావ వంక చూశాను, మావ గోడ వంక చూశాడు. బిందెలో సంగతి పైకి అనకూడదు. ఆ కప్పు కింద తనకి చోటు లేదని తెలిసీ ఆవిడ పిడికిలి పెట్టింది. నేను నోట్లు సర్దుతూనే ఉన్నాను.

కౌంటరుకీ మేమిద్దరమే వెళ్ళాం. ఎవరి పేరున కడుతున్నారని గుమాస్తా బర్మాలో అడిగాడు. మావ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు. బిందెలో పడ్డాక అది ఇక మాది కాదు కదా, గూట్లో ఉన్నావిడది.

"అమ్మోరు," అన్నాడు మావ.

గుమాస్తా పెద్ద ఆడవాళ్ళ పేరు ముందు పెట్టినట్టే గౌరవంగా "డా" చేర్చి, డా అమ్మోరు అని రాసుకున్నాడు. వయసెంత అని అడిగాడు. చాలా పెద్దావిడ అన్నాడు మావ. ఉండేదెక్కడ అన్నాడు గుమాస్తా. బజారు సందులోనే అన్నాడు. ఒక్క అబద్ధం లేదు. రసీదు తెచ్చి, బొట్టు పెట్టి, అమ్మవారి పాదాల దగ్గర ఉంచి, కొబ్బరికాయ కొట్టి అందరం హాయిగా ఇళ్ళకి పోయాం.

హాయి ఎంత దాకా అంటే, చీట్లు తీసే రోజు దాకా. కట్టడం పూర్తయ్యాక కొత్త దుకాణాలు ఎవరికేది అన్నది డబ్బు కట్టినవాళ్ళ పేర్లు పిలిచి, చీటీ తీయించి తేలుస్తారు. పేటలో బౌద్ధుల ధర్మోపదేశాలు జరిగే హాలులో చాపలు పరిచి రెండు వరుసలవాళ్ళనీ కూర్చోబెట్టారు. పేరు పిలవగానే మొగవాళ్ళు "ఖమ్యా" అనీ ఆడవాళ్ళు "షిన్" అనీ పలికి లేవాలి. బర్మాలో అదే మర్యాద. ఎదురు వరుసవాళ్ళు ఒక్కొక్కరే పలికి, లేచి, చీటీ తీసుకుని నవ్వుకుంటూ వచ్చి కూర్చుంటున్నారు.

"డా అమ్మోరు," అని పిలిచింది సయామా.

ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచింది. మా వరుస మొత్తం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మూడోసారి పిలిచేసరికి మావ కండువా సర్దుకుని లేచాడు. "ఆవిడ రాలేరు, ఆవిడ తరఫున నేను తీస్తాను" అని చీటీ తీశాడు. సందు మొదట్లో మూల దుకాణం వచ్చింది. పాత నీళ్ళతొట్టి తీసేసిన చోట కొత్తగా లేచిన దుకాణం అది. అందరి కళ్ళూ దాని మీదే ఉండేవి. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. సయామా కాగితం మడిచేసింది.

"అయిపోయాయి," అంది.

చప్పట్లు ఆగిపోయాయి. మా పేర్లేవి అని అడిగాం. కట్టినవాళ్ళందరినీ పిలిచానంది. అప్పుడు దిగింది మా బుర్రల్లోకి. వరుసంతా కలిసి ఒక్కరం అయిపోయాం, ఆ ఒక్కరికి ఒక్క దుకాణం వచ్చింది, మిగిలినవాళ్ళం హాలులో చాప మీద ఉన్నాం. మా అమ్మాయి తల పట్టుకుని "అమ్మా! నేమ్ ఇవ్వలేదా? ఒక్కళ్ళు కూడా?" అంది. మా వరుసలో ఉండే గంజాం బావగారూ ఆయన భార్యా అక్కడే ఒడియా మొదలుపెట్టారు.

మావ లేచి బిందె సంగతి మొత్తం సయామాకి చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. బర్మావాళ్ళ ఇళ్ళలో కూడా ఓ మూల ఇంటిదేవతకి కొబ్బరికాయ కట్టి ఉంటుంది, ఆవిడకిది వింతేం కాదు. "మీరు కట్టారని నేను నమ్ముతాను. మీరు ఎవరెవరో, ఎవరిది ఏ చోటో చెప్పేదెవరు? మీకు మీరే సాక్ష్యం చెప్పుకుంటే కుదరదు" అంది.

ఎదురు వరుసలోంచి అమా లేచింది. మోకాలు నొప్పి, చాప మీంచి లేవడానికి కాస్త సేపు పట్టింది. వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఈవిడ నా ఎదురుగా కూర్చుంటుంది. ఈవిడ నల్లపట్టీ కుట్టకపోతే నా లుంగీ ఎవరి నడుమునా నిలవదు. ఈవిడకి దుకాణం లేకపోతే నా చీటీ కూడా తీసేసుకోండి," అంది.

ఆ తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎదురు వరుసలోనే గిన్నెలమ్మే చీనా ఆయన లేచి మావ పక్కన నిలబడ్డాడు. ఎండుచేపలావిడ గంజాం బావగారి పక్కకి వెళ్ళింది, పొద్దున్నే వాళ్ళిద్దరికీ నీళ్ళ దగ్గర గొడవైనా సరే. ఎదురు వరుస మొత్తం వచ్చి, రోజూ ఎవరెదురుగా కూర్చుంటారో వాళ్ళ పక్కనే నిలబడింది. సయామా కళ్ళజోడు తుడుచుకుని, సాక్షుల పేర్లు రాసుకుని, మా అందరికీ మళ్ళీ చీట్లు వేసింది. దుకాణాలు ఎలాగూ పాత లెక్కకి కట్టినవే, మా చోట్లు మాకు ఉన్నాయి. నాకు నడిమి దుకాణం వచ్చింది. అమాకి ఎదురుగా రాలేదు, రెండు దుకాణాలు పక్కకి. అయినా ముఖం కనిపిస్తుంది.

ఇక మిగిలింది మూల దుకాణం. మావ వరుసకి పెద్ద కాబట్టి ఆయన తీసుకుంటే బాగుంటుందని ఎవరో అన్నారు. మావ వద్దన్నాడు, మరీ గట్టిగా అనలేదు. సయామా ఒప్పుకోలేదు. "ఆవిడ పేరున వచ్చింది ఆవిడదే. ఆవిడ తరఫున అందులో కూర్చునేదెవరు? అది చెప్పండి."

ఇక నేను ఆగలేకపోయాను. "ఆవిడ పక్కన ఇన్నేళ్ళూ కూర్చున్నదెవరు?" అన్నాను బర్మాలో. "ఆ బిందెలో నోట్లకి మల్లెపూల వాసన వచ్చింది."

"ఒసే! బిందెలో మాట బయిట సెప్పకూడదే!" అని మావ అరిచాడు.

"ఎంతేసిందో సెప్పానా? వాసన సెప్పాను," అన్నాను.

మావ కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత సయామా వైపు తిరిగి, "నిజమే, నేనూ చూశాను" అన్నాడు. మావ నోటితో అన్న ఆ రెండు ముక్కలకి నేను ఆయన మిరప ఘాటు మొత్తం క్షమించాను. సయామా పెన్ను మూత తీసి, "నేను తబ్యే కొనేది ఆవిడ దగ్గరే. రెమ్మలు కడిగి ఇస్తుంది" అంది. అమ్మవారి తరఫున కూర్చునేది పెద్దమ్మ అని రాసేసింది.

పెద్దమ్మ హాలులో లేదు, ఆవిడని ఎవరూ పిలవలేదు. జనం పోగయ్యే చోట పూలు అమ్ముడుపోతాయని హాలు గేటు బయట బుట్టతో కూర్చుంది. నేను పరుగెత్తుకుపోయి ఆయాసపడుతూ చెప్పాను. ఆవిడ నా మాట పూర్తిగా విని, చేతిలో మాల వంక చూసింది.

"ఉండవే, ఇది కట్టనీ. బేరమొచ్చింది," అంది. ఆ మాల ముడి మాత్రం రెండుసార్లు తప్పింది. నేను పక్కన కూర్చుని దారం పట్టుకున్నాను.

సందు బాగుపడింది. కప్పు కారదు. కాలువ పొంగదు అని చెప్పలేను, పొంగినా లోపలికి రాదు. కొనేవాళ్ళు మళ్ళీ వస్తున్నారు. మావకి ఆరబెట్టాల్సిన పని లేక సాయంత్రాలు తోచడం లేదు. మూల దుకాణం అద్దెకి మా వరుస బిందె మళ్ళీ పెట్టుకుంది. ఒక రోజు చూస్తే అమా కూడా పిడికిలి మూసుకుని వచ్చి అందులో పెట్టి పోయింది, పద్ధతి ఎవరు చెప్పారో తెలియదు.

కప్పు వచ్చాక పడిన మొదటి పెద్దవానకి పెద్దమ్మ అలవాటుకొద్దీ దుకాణం లోపల గొడుగు తెరిచి కూర్చుంది. సందంతా నవ్వింది. అదే వానలో మున్సిపాలిటీ నుంచి అద్దె వసూలు చేసే కొత్త అతను వచ్చాడు. అతనికి మా కథ తెలియదు. రసీదు పుస్తకం తెరిచి, మూల దుకాణం ముందు నిలబడి, "డా అమ్మోరు!" అని గట్టిగా పిలిచాడు.

నేను మిషను ఆపేశాను. మావ తల బయటికి పెట్టాడు. జన్మలో ఏ ఆఫీసూ పేరు పెట్టి పిలవని ఆ మనిషి గొడుగు మడిచి పక్కన పెట్టింది. కొంగు భుజం నిండా కప్పుకుంది. గూడు వైపు తిరిగి, వెళ్ళనా అని అడిగినట్టు ఒకసారి చూసింది.

"షిన్," అని లేచింది.